విదేశాల్లో చదివే పిల్లల చేత డైరీ రాయిస్తే లాభమేనా?

ఒడిశాలోని బరంపురం నుంచి జర్మనీ వెళ్ళే విద్యార్థుల్ని వారం వారం డైరీ రాయమంటే సరిపోతుందా అని ఒక లెక్చరర్ అడిగారు. చాలదండి. "అనుభవాలు రాయండి" అంటే మంచు, మెట్రో, వండుకున్న కూరల కబుర్లే వస్తాయి. ప్రశ్నలిచ్చి రాయించాలి, అవి ఒకే సంఘటన చుట్టూ తిరగాలి.

"పక్కింటావిడకి ఇండియన్లంటే పడదు" అని ఒకబ్బాయి రాశాడనుకోండి. మీ అభిప్రాయం చెప్పకండి. ఏ రోజు, ఎన్ని గంటలకి, నువ్వేం చేస్తున్నావు, ఆవిడ సరిగ్గా ఏమంది అని అడగండి. అప్పుడు బయటికొస్తుంది: ఆదివారం మధ్యాహ్నం ఖాళీ గాజు సీసాలు వీధిలో వాటి కోసం పెట్టిన డబ్బాలో పడేస్తున్నాడు. జర్మనీలో ఆదివారాలు, సెలవు రోజులు చప్పుడు చెయ్యకూడని రోజులు. ఏ వేళల్లో వెయ్యొచ్చో మామూలుగా డబ్బా మీదే ఉంటుంది. ఇప్పుడు ఆవిడ కోపానికి మూడు కారణాలు రాయమనండి, ఇండియన్లంటే పడకపోవడం వాటిలో ఒకటి మాత్రమే. ఏది నిజమో ఎవర్ని అడిగి తెలుసుకుంటావన్నది చివరి ప్రశ్న. ఆవిడకి నిజంగానే మనవాళ్ళంటే చులకన ఉండొచ్చు, పిల్లాడి మాట కొట్టిపారెయ్యకండి.

జరిగినదాన్ని తరచి చూసుకుని పాఠం నేర్చుకోడానికి గ్రాహం గిబ్స్ అనే ఆయన 1988లో చెప్పిన పద్ధతిలో ఆరు మెట్లున్నాయి. ప్రతి వారం ఆరూ ఎక్కమంటే బ్యాంకు ఫారం నింపినట్టు నింపేస్తారు. ఏం జరిగింది, ఎందుకు జరిగుంటుంది, ఇకమీద ఏం చేస్తాను, ఈ మూడూ చాలు. 20 నిమిషాలు, 150 మాటలు, అందులో సగం మొదటి ప్రశ్నకే పోవాలి. మొదటి రెండు నెలలు వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి. మీ జవాబు వారంలోగా వెళ్ళాలి, అదీ ఒక్క ప్రశ్నగా.

అసలు తంటా భాషతో. మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. కోపం తెలుగులో వస్తుంది, చేతికి ఒడియా అక్షరాలొస్తాయి, మనమేమో ఇంగ్లీషులో రాయమంటాం! "గుడ్ ఎక్స్‌పీరియన్స్" తప్ప ఇంకేం వస్తుంది? ఒడియా అక్షరాల్లో తెలుగు రాసినా తీసుకోండి, అదీ కుదరకపోతే వాయిస్ మెసేజ్ పంపమనండి. ఇంగ్లీషు తప్పులు దిద్దడానికి ఇదో సందు దొరికిందనుకునే మేష్టార్లున్నారు. ఎర్ర సిరా పడ్డాక ఆ పిల్లాడు మళ్ళీ మనసులో మాట రాయడు.

మార్కులూ అంతే. "సర్దుకుపోవడం నేర్చుకున్నాను" అని మీకు నచ్చేదే రాస్తారు. ఇవ్వక తప్పకపోతే రాసి పంపినందుకే ఇవ్వండి. ఎవరు చదువుతారో ముందే చెప్పండి, మన ఊళ్ళలో లెక్చరర్ చదివింది సాయంత్రానికి మేనమామ చెవిన పడుతుంది. ప్రాణం మీదికొచ్చే మాట కనిపిస్తే మాత్రం మీరు దాచరని, ఎవరికి చెబుతారో కూడా పిల్లలకి మొదటిరోజే తెలియాలి.

వెళ్ళేముందు "అక్కడ నాకు ఏది కష్టమవుతుంది" అని ఒక పేజీ రాయించండి. తిరిగొచ్చిన నెలకి అది చేతికిచ్చి, పక్కనే ఏం తేడా వచ్చిందో రాయమనండి. చాలాచోట్ల సర్టిఫికెట్ ఇచ్చేసి ఈ పని ఎగ్గొడతారు. ఆ పేజీ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, వాళ్ళ దగ్గరుంటే ఈలోగా దిద్దేస్తారు.