వేడినీళ్ల సోలార్ పెట్టించే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

కొత్త ఇంటి డాబా మీద వేడినీళ్ల సోలార్ పెట్టించాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ కష్టార్జితంతో కొనుక్కున్న ఇల్లు, దాని మంచిచెడ్డలు నువ్వే చూసుకుంటున్నావంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మామూలు సంగతులు. దక్షిణం ఎండకు అడ్డం ఉండకూడదు. పక్క స్థలం ఖాళీగా ఉందని మురిసిపోకు, రేపు అక్కడ మూడంతస్తులు లేస్తే సరిగ్గా చలికాలంలోనే నీ డాబా మీద నీడ పడుతుంది. చన్నీళ్ల ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. 200 లీటర్లంటే నీళ్ల బరువే 200 కిలోలు, స్టాండు కాళ్లు ఎక్కడ ఆనాలో మేస్త్రీనే చెప్పమను. వేడినీళ్ల లైనుకు మామూలు పీవీసీ గొట్టాలు వద్దు, వేడికి తట్టుకునే సీపీవీసీ వేయించు. ట్యాంకు మీద గాలి పోయే గొట్టాన్ని ఎవరూ మూయకూడదు.

నీళ్ల సంగతి మాత్రం ఒక్క మాటతో సరిపోదు. మీది బోరు నీళ్లా, కుళాయి నీళ్లా? మా అనంతపురంలో ఒకసారి ప్లంబరు ఎండకు నీళ్లు కాచే పాత సోలార్ ఫలకం విప్పి, దాని లోపలి రాగి గొట్టం ముక్క కోసి నా చేతిలో పెట్టాడు. పెన్సిలు దూరాల్సిన సందులో అగ్గిపుల్ల కూడా పట్టలేదు, లోపలంతా తెల్లటి సున్నపు రాయి. పైన ఫలకం చెయ్యి పెడితే కాలుతోంది, కింద కుళాయిలో గోరువెచ్చటి నీళ్లే. బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే ఫలకాల బదులు గాజు గొట్టాలుండే రకం సోలార్ నయం, వాటిని విప్పి కడుక్కోవచ్చు. కానీ ఎండకు కాలిన ఖాళీ గొట్టాల్లోకి మిట్టమధ్యాహ్నం చన్నీళ్లు వదిలితే పగిలిపోతాయి, తెల్లవారుజామున నింపించు. మంచి నీళ్లే అయితే రాగి ఫలకాలే పెట్టించు, ఈ ఫలకాలకు ఉండే భారత ప్రమాణం ఐఎస్ 12933 ముద్ర చూసి తీసుకో.

అల్లుడుగారు దీని బదులు ఎండ నుంచి కరెంటు తీసే పలకలు పెడదామంటున్నారట. ఆయన మాటలో న్యాయం ఉంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల కరెంటు పలకలకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. వేడినీళ్ల సోలార్ ఆ పథకంలోకి రాదు. వంద లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55కి తేవడానికి గీజరుకు మూడున్నర యూనిట్లు చాలు. మన ఎండల్లో నాలుగైదు నెలలు వేడినీళ్లు అడిగేవాళ్లే ఉండరు. చలికాలం కోసమే అయితే గీజరు ఉంచుకుని ఆయన చెప్పినట్టు చెయ్యి. ఏడాది పొడవునా వేడినీళ్లు కావలసినవాళ్లు ఇంట్లో ఉంటేనే ఈ సోలార్ గిట్టుబాటు. మీ ఇంట్లో చంటిబాబు ఉన్నాడు, అత్తగారు ఉన్నారు కాబట్టి నువ్వు పెట్టించేటట్టే ఉన్నావు. నా భయమూ వాళ్లిద్దరి గురించే.

అమ్మమ్మ కాలి మీద మచ్చ నీకు గుర్తుందా? అది ఎలా వచ్చిందో మీ అమ్మ నీకు చెప్పి ఉండదు, ఆ మాట ఎత్తితేనే ఏడుస్తుంది. మావయ్య కొత్తగా సోలార్ పెట్టించాడు. వచ్చినవాడు వేడినీళ్ల లైను తిన్నగా స్నానాలగదిలోకి దింపి, వేడికో కుళాయి, చల్లకో కుళాయి పెట్టి వెళ్లిపోయాడు. చన్నీళ్లు కలిపే మిక్సరు పెట్టమని మావయ్య అడగలేదు, వాడూ చెప్పలేదు. మే నెలలో అందరూ పెళ్లికి వెళ్లారు. ఇల్లు తాళం వేసి ఉంది, నీళ్లు వాడేవాళ్లు లేరు, ఎండ మాత్రం రోజూ కాస్తూనే ఉంది. తిరిగొచ్చిన సాయంత్రం అమ్మమ్మ కాళ్లు కడుక్కోవడానికి తొట్టిలో కుడికాలు పెట్టి వేడి కుళాయి తిప్పింది. ఆమెకు అప్పటికే చాలా ఏళ్లుగా షుగరు, పాదాల్లో స్పర్శ లేదు. నీళ్లు సలసలా వస్తున్నాయని కాలికి తెలియలేదు. ఆవిరి చూసి నేను పరుగెత్తేసరికి చర్మం తెల్లగా ముడత పడి ఉంది. "ఏమయింది, ఎందుకలా అరుస్తావు?" అని నన్నే అడిగింది. ఎవరో టూత్‌పేస్టు తెచ్చి పూశారు. పూయకూడదు, ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది, వేలు తీసేయాల్సి వస్తుందేమోనని అందరం హడలిపోయాం.

మావయ్యను నేను ఒక్క మాట కూడా అనలేకపోయాను. అమ్మకు చలిగా ఉంటుందని పెట్టించినవాణ్ని ఏమంటాం?

60 డిగ్రీల నీళ్లు అయిదు సెకన్లు తగిలితే పెద్దవాళ్ల చర్మమే లోపలిదాకా కాలుతుంది. పసివాళ్లకు అంతసేపు కూడా అక్కర్లేదు. మీ అత్తగారికి షుగరని విన్నాను. అందుకని వేడిని అదుపు చేసే మిక్సింగ్ వాల్వు పెట్టించి, స్నానాలగదిలోకి 45 డిగ్రీలు దాటిన నీళ్లు రాకుండా చూడు. ధర చూసి వెనక్కి తగ్గావో, నేనే వచ్చి నీ చెవి మెలేస్తాను. ఊరెళ్లేటప్పుడు ఫలకాల మీద తెల్లటి గుడ్డ కప్పించు. బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేడినీళ్లు కలపమని పనమ్మాయికి కూడా చెప్పు. వేడి కుళాయి బాబుకు అందనంత ఎత్తులో ఉండాలి. వాడు నిలబడి చెయ్యి చాపితే ఎంతవరకు అందుతుందో కొలిచి, దానికి ఇంకో మూరెడు కలుపుకో, పిల్లలు ఊరికే పెరిగిపోతారు.

వాల్వు పేరు, దాని ధర కాగితం మీద విడిగా రాయించుకునేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. నీకు డబ్బు సర్దుబాటు కాకపోతే వాల్వు నేను కొంటాను, మొహమాటపడకు.

ఇట్లు
మీ పెద్దమ్మ