నట్టలకు టీకా తెప్పించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాకు ఎనభై గొర్రెలు ఉన్నాయి. పారుడుకు, చిటుకు రోగానికి టీకాలు వేయిస్తున్నాం, వాటి బెడద తగ్గింది. నట్టల మందు మాత్రం ఎన్నిసార్లు తాగించినా వానాకాలంలో దవడ కింద నీరు దిగి గొర్రెలు పోతూనే ఉన్నాయి. ఈ ఏడు ఆరు పోయాయి. ఆస్ట్రేలియాలో నట్టలకు కూడా టీకా ఉందని ఫోనులో చూశాను. నిజమేనా? తెప్పించుకోవచ్చా?
– ఒక గొర్రెల పెంపకందారు, రాజాం దగ్గరి పల్లె, విజయనగరం జిల్లా

జవాబు: నిజమే. పేరు బార్బర్‌వాక్స్, 2014లో అక్కడ అమ్మకానికి వచ్చింది. మన బజారులో లేదు. ఉన్నా మీ మందకు వేయించమని నేను చెప్పను. ఎందుకో చెబుతాను.

మీరు రాసిన లక్షణాలను బట్టి నా అనుమానం హీమాంకస్ అనే నట్ట మీద, అంటే పొట్టలో చేరి రక్తం తాగే పురుగు మీద. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నాగావళి గట్టున, చనిపోయిన ఒక పొట్టేలును కోసి దాని నాలుగో పొట్ట తెరిచాను. లోపలంతా అంగుళం పొడవు దారాలు కదులుతున్నాయి. మా అటెండరుది పొందూరు, నూలు వడికే ఇల్లు. ‘ఎర్ర పోగు, తెల్ల పోగు కలిపి పురి పెట్టినట్టు ఉన్నాయండీ’ అన్నాడు. ఇంతకన్నా మంచి వర్ణన నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు. ఎర్రనిది రక్తంతో నిండిన నట్ట పేగు. దానికి మెలి తిరిగిన తెల్లనిది గుడ్ల గొట్టం. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తం తాగుతుంది. అదెంతలే అనిపిస్తుంది కానీ, ఐదు వేల నట్టలుంటే రోజుకు పావు లీటరు!

పారుడు వచ్చి బతికిన గొర్రెకు అది మళ్లీ రాదు. ఒంటికి ఒక్కసారితో పాఠం వచ్చేస్తుంది. టీకా చెప్పేదీ ఆ పాఠమే. నట్ట దగ్గర ఆ చదువు సరిగా ఒంటబట్టదు. అందుకే స్కాట్లాండ్‌లోని మోర్‌డన్ సంస్థ పరిశోధకులు వేరే దారి తొక్కారు. నట్ట పేగు గోడలో ఉండే ప్రొటీన్లను తీసి గొర్రెకు సూదితో ఎక్కించారు. గొర్రె రక్తంలో వాటికి విరుగుడు పుడుతుంది. నట్ట ఆ రక్తమే తాగుతుంది, తాగింది అరగదు, ఆకలితో చస్తుంది. నాకు ఎంతో నచ్చిన ఉపాయం ఇది.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ ప్రొటీన్లు నట్ట కడుపులో దాగి ఉంటాయి కనుక, మేతలో ఎన్ని నట్టలు సోకినా గొర్రె ఒంటికి అవి గుర్తు రావు. సూదితోనే గుర్తు చేయాలి. మొదట మూడు వారాల ఎడంతో మూడు సూదులు, ఆ తరువాత సీజను ముగిసేదాకా ఆరు వారాలకు ఒకటి. తయారీ మరీ కష్టం. బ్యాక్టీరియాలో, ఈస్టులో ఆ ప్రొటీన్లు పుట్టించి చూస్తే అవి గొర్రెను కాపాడలేదు. కాబట్టి గొర్రెలకు కావాలనే నట్టలు సోకించి, కోశాక పొట్టల్లోంచి నట్టలను సేకరించి వాటి నుంచే మందు తీస్తున్నారు. మోతాదుకు 5 మైక్రోగ్రాములు చాలు కనుక గిట్టుబాటవుతోంది.

ఇక్కడ ఎవరూ ఏమీ చేయలేదని అనుకోకండి. సంకర జాతి ఆవులకు పిడుదుల వల్ల వచ్చే థైలీరియా జ్వరానికి రక్షావాక్-టి అనే టీకా హైదరాబాద్‌లోనే తయారైంది. పందుల్లో బద్దెపురుగు తిత్తులకు టీకా కూడా అక్కడిదే. మీ గొర్రెలకు మాత్రం ఇవి పనికిరావు.

నన్ను కలవరపెట్టింది టీకా సంగతి కాదు, ‘ఎన్నిసార్లు తాగించినా’ అన్న మీ మాట. ఏటా ఒకే మందా? తూకం చూడకుండా అన్నింటికీ ఒకే గరిటె పోస్తున్నారా? తక్కువ మోతాదుకు అలవాటుపడిన నట్టలే మిగిలి మందను నింపుతాయి. మందలో మేకలుంటే వాటికి గొర్రెల మోతాదు చాలా మందులకు చాలదు, అది డాక్టరునే అడగండి. వానాకాలంలో పది రోజులకొకసారి కింది కనురెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉన్నవాటిని వదిలేయండి, పాలిపోయినవాటికి వెంటనే మందు పట్టించండి.

అంతకన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది. మందు పట్టించే రోజు పది గొర్రెల పెంటికలు వేరువేరుగా పొట్లాలు కట్టండి. అవే గొర్రెల పెంటికలు రెండు వారాల తరువాత మళ్లీ తీయండి. రెండుసార్లూ వాటిలోని నట్ట గుడ్లు లెక్కించి చూస్తే మీ మందు పనిచేస్తోందో లేదో తేలిపోతుంది. దగ్గరి పశువైద్యశాలలో కుదరకపోతే గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకువెళ్లండి. పెంటికలు నేల మీద ఏరినవి వద్దు, గొర్రె నుంచి నేరుగా తీసినవే కావాలి. ఎండ తగలనివ్వకుండా ఆ పూటే అందజేయండి, ఆలస్యమైతే గుడ్లు పగిలి లెక్క తప్పుతుంది.