డాక్‌ బోర్డు తప్పా, మీటర్‌ తప్పా?

సందేహం: సార్‌, మాది విశాఖ లాసన్స్‌ బే కాలనీ. ఇంజినీరింగ్‌ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం 16 బిట్ల డాక్‌ (అంకెల కోడ్‌ను వోల్టేజిగా మార్చే చిప్‌) ఎవాల్యుయేషన్‌ బోర్డు, అంటే ఆ చిప్‌ను పరీక్షించి చూసే బోర్డు కొన్నాం. రిఫరెన్స్‌, అంటే డాక్‌ అవుట్‌పుట్‌కు ఆధారమైన వోల్టేజి, 2.5 వోల్టులు. సగం కోడ్‌, అంటే 32768 పంపితే 1.25 వోల్టులు రావాలి. మల్టీమీటర్‌ 1.249 చూపిస్తోంది. కోడ్‌ ఒకటి పెంచితే రీడింగ్‌ కదలనే కదలదు. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. బోర్డు పోయిందా?

జవాబు: పోయిందనడానికి మీరు రాసినదాంట్లో ఆధారమేమీ లేదు. 16 బిట్లంటే 65536 కోడ్‌లు, 2.5 వోల్టుల్ని 65536తో భాగించండి. ఒక్కో మెట్టు సుమారు 38 మైక్రోవోల్టులు. మామూలు మూడున్నర అంకెల మీటర్‌ 2 వోల్టుల రేంజ్‌లో 1 మిల్లీవోల్టు కంటే చిన్న మార్పును చూపించలేదు. అంటే దాదాపు 26 కోడ్‌లు పెంచితే గానీ చివరి అంకె కదలదు. పైగా దాని కచ్చితత్వం అర శాతమైతే 1.25 దగ్గర 6 మిల్లీవోల్టుల తేడా దానికి మామూలే. కాలేజీ ల్యాబ్‌లో ఆరున్నర అంకెల మీటర్‌ ఉంటే బతిమాలైనా ఓ పూట తీసుకోండి.

మంచి మీటర్‌తోనూ ఆ తేడా పోకపోతే జంపర్లు (బోర్డు మీద కనెక్షన్లు మార్చే చిన్న క్లిప్పులు) చూడండి. చాలామంది ఈ పని చివర్లో చేస్తారు, మొదట చేయాల్సింది ఇదే. మీ డాక్‌ లోపల బఫర్‌ (ఏదైనా తగిలించినా వోల్టేజి తగ్గకుండా చూసే ఆంప్లిఫయర్‌) లేని రకమా? ఉదాహరణకు ఏడీ5541 అనే డాక్‌ చిప్‌ అవుట్‌పుట్‌ రెసిస్టెన్స్‌ 6.25 కిలో ఓమ్‌లు. బోర్డు మీద బఫర్‌గా పనిచేసే ఆప్‌ ఆంప్‌ను జంపర్‌ తప్పించేస్తే, 10 మెగా ఓమ్‌ల మీటర్‌ తగిలించగానే 1.25లో 0.8 మిల్లీవోల్టు దాకా తగ్గిపోతుంది. మీరు చూసిన 1.249కి అదొక్కటే చాలు! అయితే అది గెయిన్‌ ఎర్రరే (అన్ని కోడ్‌ల దగ్గరా ఒకే నిష్పత్తిలో తగ్గడం), లీనియారిటీ లోపం (మెట్లు సరళరేఖ తప్పడం) కాదు.

రివ్యూలో అడిగేది లీనియారిటీ గురించే. సున్నా కోడ్‌ నుంచి మొదలుపెట్టకండి, సింగిల్‌ సప్లైలో (మైనస్‌ వోల్టేజి ఇవ్వని చోట) అవుట్‌పుట్‌ పూర్తిగా కిందికి దిగదు. కొన్ని డేటాషీట్లు 512 నుంచి 65024 వరకే కొలుస్తాయి, మీరూ అలాగే చేయండి. ఆ రెండు రీడింగుల మధ్య సరళరేఖ గీసి, మిగతావి దానికి ఎంత దూరంలో ఉన్నాయో చూస్తే ఐఎన్‌ఎల్‌, అంటే లీనియారిటీ లోపం ఎంతో చెప్పే అంకె, వస్తుంది. 32767 నుంచి 32768కి మారే చోటు తప్పక కొలవండి. అక్కడ 16 బిట్లూ ఒకేసారి తిరగబడతాయి, లోపముంటే సాధారణంగా బయటపడేది అక్కడే.

కొలతల మధ్యలో గదిలో ఏసీ ఆపడం, వేయడం వద్దు. రిఫరెన్స్‌ డ్రిఫ్ట్‌ (వేడికి వోల్టేజి జరగడం) డిగ్రీకి 10 పీపీఎం, అంటే పది లక్షల్లో 10 వంతులు అనుకున్నా, ఆరు డిగ్రీలు మారితే సగం కోడ్‌ దగ్గర రెండు మెట్లు జరిగిపోతుంది. మే నెల విశాఖలో ఆరు డిగ్రీలు ఎంతసేపు! మీరు సముద్రం పక్కనే ఉంటున్నారు కాబట్టి టెర్మినళ్లకు ఉప్పుగాలి పొర పట్టిందేమో కూడా చూసుకోండి.

సందేహం: ఇలాంటి బోర్డే. ఆసిలోస్కోప్‌లో 50 హెర్ట్జ్‌ అల కనిపిస్తోంది. (గాజువాక పాఠకుడు)

జవాబు: ల్యాప్‌టాప్‌ చార్జర్‌ తీసేసి బ్యాటరీ మీద నడపండి. అల తగ్గితే అది గ్రౌండ్‌ లూప్‌, అంటే రెండు దారుల్లో ఎర్త్‌ అయి వాటి మధ్య కరెంటు తిరగడం. ల్యాప్‌టాప్‌కూ బోర్డుకూ మధ్య ఆ దారి తెంచే యూఎస్‌బీ ఐసొలేటర్‌ ఒకటి కొనుక్కోండి, స్కోప్‌ ఎర్త్‌ పిన్ను మాత్రం ఎప్పుడూ పీకకండి.