మందు పంపు చైనాలో చేయిస్తే: ప్రశ్న – జవాబు

ప్రశ్న: మాది చిన్న షెడ్డు. మందు కొట్టే 16 లీటర్ల బ్యాటరీ పంపులు చేస్తాం. చైనాలో చేయిస్తే ఖర్చు మూడో వంతు తగ్గుతుందని ఓ ఏజెంటు అంటున్నాడు. మొదటి లాటు వెయ్యి పంపులు. ఎక్కడ జాగ్రత్త పడాలి?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: ఏజెంట్లు సాధారణంగా చెప్పే రేటు అక్కడ సరుకు ఓడ ఎక్కేదాకానే. దాని మీద ఓడ కిరాయి, బీమా, కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ), క్లియరింగ్ ఖర్చులు, చెన్నై నుంచో ముంబై నుంచో వరంగల్ దాకా లారీ కిరాయి వేసుకోండి. ఐజీఎస్టీ క్రెడిట్ కింద, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, వస్తుంది గానీ సరుకు అమ్ముడుపోయేదాకా ఆ డబ్బు ఇరుక్కుంటుంది. ఇవన్నీ పోగా నూటికి పదిహేనైనా మిగలకపోతే ఈ పని పెట్టుకోవద్దు. ఒక్క లాటు చెడితే ఆ మిగులంతా పోతుంది.

మిగులుతుందనుకున్నా పంపు మొత్తం వాళ్ల చేతిలో పెట్టకండి. ట్యాంకు, మోటారు పంపు, లాన్సు (మందు చిమ్మే గొట్టం), బెల్టు చేయించుకోండి. బ్యాటరీ మాత్రం ఇక్కడే కొనండి. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్ లేకుండా నెలల తరబడి పడుంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి పనికిరాకుండా పోతుంది. లిథియం అయితే ఓడలో ప్రమాదకర సరుకు కింద లెక్క, పైగా ఇక్కడ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి.

అసలు దెబ్బ తగిలేది మోటారు పంపులో ఉండే చిన్న రబ్బరు డయాఫ్రమ్ (మందును తోసే పొర) దగ్గర. శాంపిల్‌లో మంచి రబ్బరు వేస్తారు, రెండో మూడో లాటుకు చవక రకం దిగుతుంది. మంచినీళ్లతో చూస్తే తేడా తెలియదు. డబ్బా మీద ‘ఈసీ’ (నీళ్లలో కలిపితే పాలలా అయ్యే రకం) అని రాసుండే మందుల్లో చాలావాటిలో జైలీన్ లాంటి ద్రావకాలుంటాయి. వాటికి ఈపీడీఎం అనే రకం రబ్బరు ఉబ్బుతుంది, ప్రెషర్ పడిపోతుంది. విటాన్ అనే రకం నిలుస్తుంది. పత్తికి మందు కొట్టే రోజుల్లో పంపు ఆగితే రైతు పంటే నష్టపోతాడు, ఇది మామూలు రిపేరు కాదు. అందుకే ఒప్పందంలో ‘మంచి రబ్బరు’ అని కాకుండా రకం పేరు, మందం మిల్లీమీటర్లలో రాయించండి. ప్రతి లాటులో పది డయాఫ్రమ్‌లు తీసి, వెర్నియర్‌తో కొలిచి, ఈసీ మందు చిక్కగా కలిపిన నీళ్లలో మూడు రోజులు నానబెట్టి మళ్లీ కొలవండి. చేతులకు గ్లవ్స్ మరవకండి.

ఒప్పుకున్న శాంపిల్‌వి మూడు పంపులు తీసి, వాటి మీద ఇరువైపులా సంతకాలు చేసి సీలు వేయండి: ఒకటి మీ దగ్గర, ఒకటి ఫ్యాక్టరీలో, మూడోది తనిఖీ సంస్థ దగ్గర. లాటులో ఎన్ని తీసి చూడాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 2859-1 పట్టిక, తనిఖీకి ఉంది. వెయ్యి పంపుల లాటుకు, మామూలు స్థాయిలో, 80 పంపులు విప్పి చూస్తారు. ఏక్యూఎల్ (ఒప్పుకోదగ్గ లోపాల హద్దు) 2.5 అనుకుంటే పెద్ద లోపాలు ఐదు దాకా పాస్, ఆరైతే లాటు వెనక్కి. కారే ట్యాంకు మాత్రం ఒక్కటున్నా లాటు ఒప్పుకునేది లేదని విడిగా రాసుకోండి. ఆ రిపోర్టు చూశాకే మిగతా 70 శాతం కట్టండి, అడ్వాన్సు 30 దాటనివ్వకండి.

‘బ్యాంకు ఖాతా మారింది’ అని మెయిల్ వస్తే డబ్బు ఆపి, మీ దగ్గర పాత నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. మెయిల్ హ్యాక్ చేసి దోచుకునే దారి ఇదే. వ్యక్తి పేరు మీది ఖాతాకు పైసా పంపవద్దు.

డై (ట్యాంకు లాంటివి పోతపోసే అచ్చు) డబ్బు మీరు కడితే డై మీద మీ పేరు చెక్కించండి. మీ బ్రాండును చైనాలో ముందే రిజిస్టర్ చేయండి. అక్కడ ముందు దరఖాస్తు పెట్టినవాడిదే హక్కు. ఒప్పందం చైనీస్‌లో, కంపెనీ ఎర్ర ముద్రతో ఉండాలి. ఇక్కడి కోర్టు తీర్పును అక్కడ అమలు చేయించుకోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి తగాదా వస్తే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని రాసుకోండి.

ఇక తేదీలు. చైనా కొత్త సంవత్సరం జనవరి–ఫిబ్రవరిలో వస్తుంది, ఫ్యాక్టరీలు రెండు నుంచి నాలుగు వారాలు మూతపడతాయి. సెలవుల తర్వాత కొత్త పనివాళ్లు వచ్చి నాణ్యత కూడా తప్పుతుంది. జూన్‌లో గిరాకీ మొదలవుతుందంటే అక్టోబరులోనే ఆర్డరిచ్చి, సెలవులకు ముందే సరుకు ఓడ ఎక్కించండి.

ప్రశ్న: మిగతా డబ్బు కట్టేనాటికి డాలరు పెరిగితే?
– కరీంనగర్

జవాబు: బ్యాంకులో ఆ మొత్తానికి ఫార్వర్డ్ బుక్ చేయండి. ఫలానా తేదీకి డాలరు ఫలానా రేటు అని ఇవాళే ఖాయమవుతుంది. సరుకు ఆలస్యమై తేదీ జరిపితే ఛార్జీ పడుతుంది, ఫ్యాక్టరీ చెప్పిన తేదీకి మూడు వారాలు కలిపే బుక్ చేసుకోండి. దిగుమతికి ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారుల కోడ్) నంబరు కూడా ఉండాలి. ఆన్‌లైన్‌లో ఫీజు 500 రూపాయలు. ఏటా ఏప్రిల్–జూన్ మధ్య వివరాలు సరిచూసి ధ్రువీకరించకపోతే నంబరు నిలిచిపోతుంది.