నగరం మీద రీసెర్చ్ చేస్తానంటే ఇంట్లో ఏం చెప్పాలి?

ప్రశ్న: కోఠిలో బీఏ ఫైనలియర్ చదువుతున్నాను మేడమ్, జాగ్రఫీ, ఎకనామిక్స్. మాది రామంతాపూర్. 2020 అక్టోబర్ వానలకి మా ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి, పక్క వీధిలోకి మాత్రం చుక్క రాలేదు. అప్పటి నుంచి నగరం గురించే చదవాలని ఉంది. అర్బన్ స్టడీస్‌లో రీసెర్చ్ డిగ్రీలు ఉంటాయని మా సీనియర్ చెప్పింది. దీనికీ టౌన్ ప్లానింగ్‌కీ తేడా ఏంటి? చదివితే ఉద్యోగం వస్తుందా? నాన్న బీఎడ్ చెయ్యి, లేదంటే గ్రూప్స్ రాయి అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.
– ఓ పాఠకురాలు, రామంతాపూర్

జవాబు: ముందు ఆ పక్క వీధి సంగతి మాట్లాడదామమ్మా, ఎందుకంటే మీరు చదవాలనుకుంటున్నది అదే. మీ వీధిని ప్లానింగ్ చదివినవాళ్లకి చూపిస్తే నాలా ఎంత వెడల్పుండాలి, రోడ్డు ఎత్తు ఎంత, నీళ్లు ఎటు మళ్లించాలి అని చూస్తారు, చివరికి ఒక ప్లాన్ గీసి ఇస్తారు. అది చాలా అవసరమైన పని. అర్బన్ స్టడీస్ వాళ్లు అడిగేది వేరు. అక్కడ ఇళ్లు ఎలా వచ్చాయి, ఆ ప్లాట్లు ఎవరు చేశారు, ఎవరు కొన్నారు, కొనేటప్పుడు వాళ్లకి ఏం తెలుసు, పర్మిషన్ ఏ ఆఫీసు ఇచ్చింది, ఇప్పుడు నష్టం ఎవరి నెత్తిన పడుతోంది అని అడుగుతారు.

ఈ ప్రశ్నలకి జవాబులు ఒకచోట దొరకవు. పాత పహాణీల్లో, అంటే రెవెన్యూ వాళ్ల భూమి రికార్డుల్లో, ఆ సర్వే నంబరు పట్టా భూమా, చెరువు శిఖమా (నీళ్లు నిండితే మునిగే చెరువు భూమి) అన్నది చూడాలి. గ్రామ పంచాయతీ లేఅవుటా, హుడా లేఅవుటా, లేక ఏ లేఅవుటూ లేకుండా నోటరీ కాగితాల మీద చేతులు మారిన స్థలమా అన్నది తేల్చాలి. నగరాభివృద్ధి సంస్థ హుడా 1975లో వచ్చింది, 2008లో దాని స్థానంలో హెచ్ఎండీఏ వచ్చింది. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలని కలిపి జీహెచ్ఎంసీ చేసేదాకా మీ రామంతాపూర్ ఉన్న ఉప్పల్‌ది విడి మున్సిపాలిటీ. అంటే మీ కాలనీ కాగితాలు ఇన్ని ఆఫీసుల మధ్య చెదిరి ఉండొచ్చు. కొన్ని ఆర్టీఐ పెడితే గానీ బయటికి రావు. ఆ తర్వాత ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడుంది, అది గీసే నాటికే అక్కడ ఎన్ని ఇళ్లున్నాయి, ఇంటి పన్ను ఎప్పటి నుంచి కడుతున్నారు, కరెంటు మీటరు ఎప్పుడొచ్చింది... ఇవన్నీ వరసగా పెట్టుకుని, అక్కడ ముప్ఫై నలభై ఏళ్లుగా ఉంటున్న పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వింటే, ఆ వీధి కథ కొంచెం కొంచెంగా బయటపడుతుంది. పన్ను కట్టించుకున్నంత మాత్రాన స్థలం మీద హక్కు వచ్చినట్టు కాదు, కానీ పన్ను రశీదు చేతిలో ఉన్న మనిషి మాత్రం ప్రభుత్వం తనని ఒప్పుకుందనే నమ్ముతాడు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీ ఒక్కటే ఒక థీసిస్‌కి సరిపోతుంది.

ఇంకా వెనక్కి వెళ్లాలనిపిస్తే 1908 మూసీ వరద ఉంది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఆయన సలహా మీదే ఎగువన జలాశయాలు కట్టారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ మధ్యలో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చి, కిక్కిరిసిన బస్తీలు తీసేసి రోడ్లు, కొత్త ఇళ్లు వేయించింది. అదే రోజుల్లో లెనార్డ్ మన్ అనే ఇంజనీర్ ఆధ్వర్యంలో నగరాన్ని ఇల్లిల్లూ కొలిచి మ్యాపులు తయారు చేశారు. ఆ జలాశయాల పరివాహకాన్ని కాపాడటానికి అక్కడి కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో తెచ్చారు, 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. వందేళ్ల నాటి వరద ఇప్పటికీ భూముల ధరల్లో, కోర్టు కేసుల్లో ప్రవహిస్తూనే ఉంది. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది కదా, మీకు దగ్గరే. సెలవుల్లో ఒకసారి వెళ్లి పాత ఫైళ్లు చూసే పద్ధతి ఏంటో కనుక్కోండి. ఆ దుమ్ములో గంటలు గంటలు కూర్చోవడం మీకు నచ్చుతుందా లేదా అన్నది ఏ కౌన్సెలర్ కన్నా ముందు మీకే తెలుస్తుంది.

ఇక చదువు. రీసెర్చ్ మీద నడిచే డిగ్రీలో క్లాసులు తక్కువ అని కాదు, అన్నీ చివరికి మీ సొంత ప్రశ్న దగ్గరికి చేరాలి. మొదట నగరాల గురించి ఇప్పటిదాకా జరిగిన వాదనలు చదివిస్తారు. తర్వాత ఇంటర్వ్యూలు ఎలా చేయాలి, మ్యాపులు, లెక్కలు ఎలా వాడాలి అన్నది నేర్పిస్తారు. ఆఖరికి ఫీల్డుకి పంపి థీసిస్ రాయిస్తారు. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో ఇలాంటి రెండేళ్ల రీసెర్చ్ మాస్టర్స్ ఉంది. ఫోర్ సిటీస్ అనే ఎరాస్మస్ ముండస్ (యూరప్ యూనివర్సిటీలు కలిసి నడిపే) కోర్సయితే బ్రస్సెల్స్, వియన్నా, కోపెన్‌హాగెన్, మాడ్రిడ్ నాలుగూ తిప్పుతుంది, స్కాలర్‌షిప్పులు కూడా ఉంటాయి, పోటీ గట్టిగానే ఉంటుంది. మన దేశంలో ఎంఫిల్‌ని యూజీసీ 2022లో తీసేసింది కాబట్టి దారి ఎంఏ, ఆ తర్వాత పీహెచ్‌డీ. ఢిల్లీ అంబేడ్కర్ యూనివర్సిటీలో అర్బన్ స్టడీస్ ఎంఏ పెట్టారు, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో అర్బన్ పాలసీ, గవర్నెన్స్ మీద ఎంఏ నడిపారు. ఈ ఏడాది సీట్లు, ఫీజులు వాళ్ల నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఇల్లు వదలడం కష్టమైతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సోషియాలజీయో పొలిటికల్ సైన్సో తీసుకుని నగరం మీద పని చేయొచ్చు, దానికి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. నా అభిప్రాయం అడిగితే కోర్సు పేరులో అర్బన్ అన్న మాట లేకపోయినా పర్లేదు, మీ ప్రశ్న వినే గైడ్ ఉన్నారా లేరా అన్నదే చూడండి. మాసబ్ ట్యాంక్ దగ్గరి ఆర్కిటెక్చర్ యూనివర్సిటీలో ప్లానింగ్ పీజీ ఉంది కానీ మామూలుగా దానికి ఆర్కిటెక్చర్, సివిల్ వంటి డిగ్రీ గానీ, జాగ్రఫీ లాంటి వాటిలో పీజీ గానీ అడుగుతారు.

నాన్నగారికి ఉన్నదున్నట్టు చెప్పండి. సాఫ్ట్‌వేర్ జీతాలు ఇందులో రావు. పరిశోధన సంస్థలు, ఇళ్లూ నీళ్ల మీద పనిచేసే ఎన్జీవోలు, కన్సల్టెన్సీలు, కాలేజీ లెక్చరర్ పోస్టులు, ఇవీ దారులు. స్థిరపడటానికి టైం పడుతుంది. కానీ ఎంఏ తర్వాత నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లూ నెలకి 37,000 రూపాయలు ఫెలోషిప్పు, హెచ్ఆర్ఏ వేరే. గ్రూప్స్ కూడా పూర్తిగా వదులుకున్నట్టు కాదు, తెలంగాణ సమాజం, ఆర్థిక వ్యవస్థ మీద మీరు చదివేది చాలావరకు అక్కడా పనికొస్తుంది.

ప్రశ్న: మియాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్‌లో డేటా పని. మెట్రో మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఉద్యోగం మానేయనా?
– ఓ పాఠకుడు

జవాబు: అప్పుడే మానకండి. మీకు లెక్కలొచ్చు, అది పెద్ద బలం. అయితే 2017 నవంబర్‌లో మియాపూర్ నుంచి నాగోల్‌కి మొదటి రైలు నడిచినప్పటి నుంచి టికెట్ల లెక్కలన్నీ మీ చేతికిచ్చినా, అవి ఎక్కినవాళ్ల గురించే చెబుతాయి. స్టేషన్ మెట్ల కిందే నిలబడి షేర్ ఆటో ఎక్కే ఇంటిపని ఆవిడ అందులో లేరు. ఇంకో చిక్కు, జనాభా లెక్కలు. 2021లో జరగాల్సిన సెన్సస్ జరగలేదు, అంచేత వీధి స్థాయిలో ఏం కావాలన్నా 2011 సెన్సస్ దగ్గరికే పోవాలి, అప్పటికి మియాపూర్‌కి మెట్రో రాలేదు. అందుకని ఆదివారాలు స్టేషన్ బయట నిలబడి మనుషులతో మాట్లాడండి, విన్నది రాసి పెట్టుకోండి. కొన్ని నెలలయ్యాక కూడా ఆ నోట్సు తెరవాలనిపిస్తుంటే అప్పుడు ప్రపోజల్ రాయండి. సోషల్ సైన్స్ చదవలేదని బెంగ వద్దు, పీజీ లేకపోతే మాత్రం ముందు ఒక ఎంఏ చేయాల్సి రావచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి రీసెర్చ్ అని నాలా పక్క బస్తీల్లో తిరుగుతోంది. నాకు భయంగా ఉంది.
– ఓ తల్లి, అంబర్‌పేట

జవాబు: మీ భయం అర్థమవుతుందండీ. మొదట్లో తెలిసినవాళ్లని, అంగన్‌వాడీ టీచర్‌నో పొదుపు సంఘం లీడర్‌నో, వెంటబెట్టుకుని పగటిపూట వెళ్లమనండి. ఎక్కడికి వెళ్తోందో గైడ్‌కి, మీకూ చెప్పి వెళ్లమనండి. అయితే నన్నడిగితే ఆ బస్తీ వాళ్ల గురించి కూడా అంతే భయపడాలి. నోటరీ కాగితం మీద ఇల్లు కట్టుకున్న మనిషి మీ అమ్మాయిని నమ్మి ఉన్నదంతా చెబుతాడు. ఆ సంగతి పేరుతో, ఇంటి నంబరుతో థీసిస్‌లో అచ్చయితే రేపు కూల్చివేత నోటీసు ఆ గుమ్మానికే రావచ్చు. కాబట్టి పేర్లు మార్చాలి, ఇల్లు గుర్తుపట్టేలా ఫొటోలు పెట్టకూడదు, రికార్డ్ చేసే ముందు ఒప్పుకున్నారా లేదా అడగాలి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయాలి. థీసిస్ అయ్యాక దాన్ని తెలుగులోనో ఉర్దూలోనో నాలుగు పేజీలుగా రాసి ఆ బస్తీ వాళ్లకి చదివి వినిపించమనండి. తప్పులుంటే వాళ్లే చెబుతారు, దిద్దుకోవచ్చు.