డెన్మార్క్ టేకు టీపాయ్‌ని అరగదీయకండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. మా వీధిలో ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్మితే పొడవాటి టేకు టీపాయ్ ఒకటి కొన్నాం. కాళ్లు కిందికి పోనుపోను సన్నబడతాయి, పైచెక్క కింద పత్రికలు పెట్టుకోవడానికి పేముతో అల్లిన అర ఉంది. అడుగున ‘మేడ్ ఇన్ డెన్మార్క్’ అని ముద్ర, పక్కనే గుండ్రటి చిన్న బిళ్ల. పైన కప్పుల తెల్ల మచ్చలు, ఒక మూల నల్లటి వలయం ఉన్నాయి. మావారేమో సాండర్ అద్దెకు తెచ్చి మొత్తం గీకేసి, మన ఊళ్లో తలుపులకి వేసినట్టు మెరిసే వార్నిష్ వేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఇది నిజంగా అంత మంచి వస్తువేనా, యాంటిక్ అనొచ్చా, దీన్ని ఎలా బాగుచేసుకోవాలి?

జవాబు: ముందు ఆ సాండర్ తేవద్దని మీవారికి చెప్పండి, తర్వాత మిగతావి మాట్లాడుకుందాం. ఆ కాలపు డెన్మార్క్ టేబుళ్లలో చాలావాటికి పైన ఉన్నది నిండు టేకు కాదు, వేరే చెక్క మీద అతికించిన టేకు వెనీర్, అంటే పలచటి చెక్క పొర, దాని మందం మిల్లీమీటరు కూడా ఉండదు, సాండర్ ఒక్కచోట కాస్త ఎక్కువసేపు ఆగిందంటే కింది చెక్క బయటపడుతుంది, ఇక దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. మీది ఏదో తెలుసుకోవడం సులువే. టేబుల్ పొట్టి అంచు దగ్గర వంగి చూడండి. పైనున్న చారలు అంచు దాకా వచ్చి అక్కడ చెట్టు అడ్డకోతలా సన్న చుక్కలుగా, వలయాల ముక్కలుగా మారితే నిండు చెక్క. అంచున వేరే పట్టీ అతికించి, కలిసిన చోట సన్నటి గీత కనిపిస్తే వెనీర్. వెనీర్ అయితే నాసిరకం అనుకోకండి, ఒకే దుంగ నుంచి వరసగా తీసిన పొరలని చారలు కలిసేలా పక్కపక్కన పేర్చడం అక్కడి పనివాళ్లు ఎంతో శ్రద్ధగా చేసిన పని.

యాంటిక్ అనలేం. అమెరికా కస్టమ్స్ లెక్కలో 100 ఏళ్లు దాటితేనే యాంటిక్. మీది బహుశా 1950, 60 దశకాలది, వింటేజ్ అంటారు.

మంచి వస్తువేనా అంటే, నా దృష్టిలో చాలా మంచిది, ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను. డెన్మార్క్‌లో టేకు చెట్టు పెరగదు. కోపెన్‌హాగన్‌లో 1897లో మొదలైన ఈస్ట్ ఏషియాటిక్ కంపెనీకి సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, టేకు అడవుల లీజులు ఉండేవి, దాన్ని పెట్టిన హెచ్.ఎన్. ఆండర్సన్ అంతకుముందే బ్యాంకాక్ నుంచి యూరప్‌కి టేకు పంపిన వ్యాపారి. అలా ఆ దేశానికి టేకుతో పాత పరిచయమే. అయితే ఇంటి ఫర్నిచర్‌లో టేకు ఊపందుకున్నది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత.

డిజైన్ బీజం ఇంకా ముందుది. 1924లో కోపెన్‌హాగన్ రాయల్ అకాడమీలో కారె క్లింట్ ఫర్నిచర్ పాఠాలు మొదలుపెట్టాడు. బీరువా గీసే ముందు అందులో పెట్టబోయే పళ్లాలు, చెంచాలు కొలిచేవాడాయన, వస్తువు మనిషికి సరిపోవాలి తప్ప మనిషి వస్తువుకి సర్దుకోకూడదని. 1927 నుంచి 1966 దాకా అక్కడి వడ్రంగుల సంఘం ఏటేటా ప్రదర్శన పెట్టింది, దాని కోసం ఆర్కిటెక్టులూ వడ్రంగులూ జతకట్టి పనిచేసేవాళ్లు. ఫిన్ యూల్ అనే ఆర్కిటెక్టు, నీల్స్ వోడర్ అనే వడ్రంగి అలాంటి జత. మీకు న్యూయార్క్ దగ్గరే కాబట్టి చెప్తున్నా, ఐక్యరాజ్యసమితి భవనంలో ట్రస్టీషిప్ కౌన్సిల్ హాలు లోపలి డిజైన్ ఆ ఫిన్ యూల్‌దే, 1952లో పూర్తయింది, వీలైతే వెళ్లి చూడండి.

మీ టీపాయ్ లాంటివి మామూలు ఇళ్లకి చేరడానికి ఇంకో సంగతి తోడయింది. టేకులో సిలికా ఉంటుంది, మామూలు రంపం పళ్లు తొందరగా మొద్దుబారిపోతాయి. ఫ్రాన్స్ అండ్ డావర్‌కోసెన్ అనే ఫ్యాక్టరీ (1957 నుంచి ఫ్రాన్స్ అండ్ సన్) గట్టి కార్బైడ్ పనిముట్లతో ఆ చిక్కు తప్పించుకుని, విడదీసి పెట్టెల్లో సర్దగలిగే ఫర్నిచర్ చేసి అమెరికాకి పంపింది. ఇది నడిపినవాడు చార్లెస్ ఫ్రాన్స్, ఇంగ్లండ్ వాడు, మొదట్లో పరుపుల వ్యాపారి. పీటర్ వీట్, ఓర్లా మోల్‌గార్డ్ నీల్సన్ గీసిన టీపాయ్‌లు ఈ ఫ్యాక్టరీవే, వాటిలో కొన్నింటికి మీరు చెప్పినట్టే కింద పేము అల్లిక ఉంటుంది. ఆ పోలికతో పేరు ఖాయం చేయలేం, ముద్ర ఫోటో పంపండి. గుండ్రటి బిళ్ల డెన్మార్క్ ఫర్నిచర్ నాణ్యత ముద్ర అయ్యుండొచ్చు, దాన్ని మాత్రం తుడిచే హడావుడిలో ఊడదీయకండి, కొనేవాళ్లు మొదట చూసేది అదే.

ఇక పని. మొదట మినరల్ స్పిరిట్స్‌తో, అంటే పెయింట్ పలచన చేసే ద్రవంతో, మెత్తటి బట్ట తడిపి, చారల వెంబడే తుడవండి. ఏళ్ల తరబడి పేరుకున్న మైనం, సిగరెట్ పొగ, చేతుల జిడ్డు గోధుమ రంగులో బట్టకి దిగుతాయి, కొత్త బట్ట శుభ్రంగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి. తెల్ల మచ్చలు పైపూతలో చిక్కుకున్న తేమ, వాటి మీద నాలుగు సున్నాల (0000 అని రాసి ఉండే, బాగా మెత్తటి) స్టీల్ ఊల్‌ని కింద చెప్పబోయే టీక్ ఆయిల్‌లో ముంచి తేలిగ్గా, చారల వెంబడే రుద్దితే చాలావరకు పోతాయి. నల్ల వలయం వేరు, నీళ్లు, ఇనుము చెక్క లోపలికి దిగి వేసిన మరక అది. ఆక్సాలిక్ యాసిడ్‌తో తీయొచ్చు, కానీ ఆ ఒక్కచోట పూస్తే అక్కడ తెల్లబడి కొత్త మచ్చ వస్తుంది, పైచెక్క మొత్తం పూసి బాగా కడగాలి, వెనీర్‌కి అంత తడి ప్రమాదం. మీ స్థానంలో నేనైతే ఆ వలయం ఉంచేస్తాను, ఆ ఇంట్లో ఎవరో రోజూ అక్కడే పూలకుండీ పెట్టుకుని ఉంటారు.

తర్వాత నూనె. ‘టీక్ ఆయిల్’ పేరుతో అమ్మేది టేకు నుంచి తీసింది కాదు, ఎక్కువగా అవిసె నూనె లేదా టంగ్ అనే చెట్టు గింజల నూనె కలిపినది, అది చాలు. పలచగా పూసి, పావుగంట ఆగి, మిగిలింది పూర్తిగా తుడిచేయండి, మర్నాడు ఇంకోసారి. ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోకండి: అవిసె నూనె అంటిన బట్టల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, ఇళ్లు కాలిపోయిన సందర్భాలున్నాయి. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టి పారేయండి.

మెరిసే వార్నిష్ ఎందుకు వద్దంటున్నానంటే, అది చెక్క మీద ప్లాస్టిక్ పొరలా కూర్చుంటుంది, గీత పడితే మొత్తం గీకి మళ్లీ వేయాలి, నూనె పూతయితే మచ్చపడ్డ చోటే మళ్లీ రుద్దుకుంటే సరి. కాలు వదులైతే పాత జిగురు తీసి, కొత్తది పెట్టే ముందు అసిటోన్‌తో తుడవండి, టేకు సహజమైన జిడ్డు ఉంటే జిగురు పట్టదు.

ప్రశ్న: సార్, మాది హైదరాబాద్. ఇలాంటి డిజైన్ టీపాయ్ మా కార్పెంటర్‌తో చేయించుకుందామనుకుంటున్నాను. ఏం చెప్పాలి?

జవాబు: నిక్షేపంగా చేయించండి. చేవ ఉన్న చెక్కే తీసుకోండి, తెలుపు కలిసిన పలక వద్దు. మన వడ్రంగులు గట్టిదనం కోసం కాళ్లు లావుగా పెడతారు, పైచెక్క అంచు మందంగా వదిలేస్తారు, డెన్మార్క్ టీపాయ్ తేలిగ్గా కనిపించేది ఆ రెండు చోట్లే. పలక మందమైనదే ఉండనిచ్చి, అంచుని కిందివైపు నుంచి ఏటవాలుగా చిత్రిక పట్టించండి, నిలబడి చూసేవాళ్లకి సన్నటి గీతే కనిపిస్తుంది. ఇంకొకటి, నిండు పలక వానాకాలం వెడల్పున ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది, అందుకని పైచెక్కని ఫ్రేముకి బిగించే స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా, పలక అడ్డంగా కదిలేలా తీయమనండి. జిగురుతో మాత్రం అంటించనివ్వకండి, ఒక వేసవి గడిచేసరికి పలక చీలుతుంది.