బ్రిటిష్ వారికీ అమెరికన్లకూ ఒకరంటే ఒకరికి ఎందుకంత చులకన?

"అమెరికన్లు గొప్పలు చెప్పుకుంటారని బ్రిటిష్ వారూ, బ్రిటిష్ వారు మనసులో మాట బయటపెట్టని నంగనాచులని అమెరికన్లూ అంటుంటారు. రెండు దేశాల్లోనూ ఉన్నవారు చెప్పండి, ఇందులో నిజమెంత?" అన్నది ప్రశ్న. నేను ఇంగ్లాండులోని రెడింగ్‌లో ఆరేళ్లు, ఆ తరువాత అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో తొమ్మిదేళ్లు బీమా సంస్థల సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. ఆ రెండు చోట్లా విన్నదీ కన్నదీ పెట్టుకుని చెబుతున్నాను: ఈ రెండు నిందల్లో ఒక్కటీ నిజం కాదు. ఒకే ఇంగ్లీషు మాటను వారు ఒక సోలతో కొలుస్తారు, వీరు మరొక సోలతో కొలుస్తారు. ఇంటికి వెళ్లి చూసుకుని గింజలు తగ్గాయని, ఎదుటివాడు మోసం చేశాడని ఇద్దరూ నమ్ముతారు.

నేను హార్ట్‌ఫర్డ్‌కు మారిన రెండో ఏడాది, ఇంగ్లాండు శాఖలోని పాలసీల డేటా మొత్తాన్ని అమెరికాలో కొత్తగా కట్టిన సిస్టమ్‌లోకి మార్చే పని మా బృందానికి వచ్చింది. శనివారం రాత్రి మైగ్రేషన్ జరగాలి. గురువారం నాటి కాల్‌లో రెడింగ్ నుంచి టెస్టింగ్ చూసే పెద్దాయన గొంతు సవరించుకుని, "తేదీల విషయంలో నాకు ఒకటి రెండు చిన్న సందేహాలు ఉన్నాయి, వీలైతే ఇంకొకసారి చూసుకుంటే బాగుంటుందేమో" అన్నారు. ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను, ఆరేళ్లు ఆయన పక్క బల్ల మీదే పనిచేశాను. ఆయన నోట "చిన్న సందేహం" అన్న మాట వచ్చిందంటే పని ఆపమని అర్థం. దానికి "వీలైతే" కూడా తోడైందంటే ఆపకపోతే కొంప మునుగుతుందని అర్థం. హార్ట్‌ఫర్డ్‌లో నా ఎదురుగా కూర్చున్న మా మేనేజర్ మాత్రం ఎంతో సంతోషంగా, "అద్భుతం, మంచి విషయం గుర్తు చేశారు, ఆదివారం ఉదయం సరిచూసుకుందాం" అని, అందరూ ఒప్పుకున్నట్టు మీటింగ్ వివరాల్లో రాసుకున్నారు. నేను నోరు విప్పలేదు. ఇద్దరూ నాకంటే పెద్దవారు, ఇద్దరి మాటా నాకు తేటగా అర్థమైంది గనుక ఒకరి మాట మరొకరికీ అర్థమై ఉంటుందని అనుకున్నాను. ఆ మౌనం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇంగ్లాండులో 03/04 అని రాస్తే అది ఏప్రిల్ 3, అమెరికాలో అదే మార్చి 4. రోజు అంకె 12 దాటిన తేదీలను కొత్త సిస్టమ్ తీసుకోలేక తిప్పికొట్టింది. అవి కంటికి కనబడే తప్పులు గనుక ఆదివారం మధ్యాహ్నానికల్లా సరిచేశాం. 12 లోపు ఉన్నవి మాత్రం కిక్కురుమనకుండా లోపలికి వెళ్లిపోయాయి, వెళ్లి రోజు నెలగానూ నెల రోజుగానూ తారుమారయ్యాయి. ఏప్రిల్ 3న రెన్యువల్ ఉన్నవారికి మార్చి 4తోనే గడువు ముగిసిపోయినట్టు సోమవారం తెల్లవారేసరికి ఉత్తరాలు తయారయ్యాయి. వాటిలో ఒకదాని నకలు నేను తెరిచి చూశాను. ఇరవై రెండేళ్లుగా ఒక్క వాయిదా కూడా తప్పని ఒక వృద్ధురాలి ఇంటి బీమా అది, దాని కింద "మీ పాలసీ రద్దయినది" అని ఉంది. ఉత్తరాలు పోస్టుకు వెళ్లకుండా ఆపగలిగాం, కానీ తరువాత మూడు వారాలపాటు పాత బ్యాకప్‌తో ఒక్కొక్క తేదీనీ పోల్చి చూసుకోవలసి వచ్చింది. 05/05 లాంటి తేదీలు వచ్చినప్పుడల్లా, ఎటు తిప్పినా ఒక్కటే గదా అని ఊపిరి పీల్చుకునేవాళ్లం.

ఆ సోమవారం మధ్యాహ్నం మా మేనేజర్ నా దగ్గరకు వచ్చి, "ఆయనకు ముందే తెలుసు, మనం పడితే చూద్దామని దాచిపెట్టాడు, ఇంగ్లీషువాళ్ల పద్ధతే అంత" అన్నారు. ఆ రాత్రి రెడింగ్ నుంచి పెద్దాయన ఫోన్ చేసి, "అందరి ముందూ అంత గట్టిగా చెప్పినా లెక్కచేయలేదు, ఈ అమెరికన్లకు తమ గొంతు తప్ప మరొకటి వినబడదు" అన్నారు. అంత గట్టిగా చెప్పానని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు, నిజానికి ఆయన కొలత ప్రకారం అరిచినంత పని చేశారు. మేనేజర్ కూడా తన చెవిన పడిన మాటను అక్షరాలా గౌరవించి, ఆదివారం సరిచూడడానికి ఇద్దరు మనుషులను కేటాయించారు. ఇద్దరు నిజాయితీపరులు, తలా ఒక మాటతో, ఒక జాతి మొత్తానికి శిక్ష వేశారు.

మనకు ఇది కొత్త కాదు. పెళ్లిచూపులకు వచ్చిన మగపిల్లవాడి తండ్రి కాఫీ తాగి, "ఇంటికి వెళ్లి కబురు చేస్తామండీ" అని లేచాడంటే ఆ సంబంధం కుదరలేదని ఆడపిల్ల తల్లిదండ్రులకు ఆ క్షణమే తెలిసిపోతుంది, ఆయనను అబద్ధాలకోరని ఎవరూ అనరు. బ్రిటిష్ వారి మాట నాకు తొందరగా పట్టుబడడానికి ఈ పెంపకమే కారణమని నా నమ్మకం.

ఇలాంటి అపార్థానికి మనుషుల ప్రాణాలు పోయిన సందర్భం కూడా ఉంది. కొరియా యుద్ధంలో, 1951 ఏప్రిల్‌లో, ఇమ్జిన్ నది దగ్గర గ్లోస్టర్‌షైర్ రెజిమెంట్‌ను చైనా సైన్యం చుట్టుముట్టింది. పరిస్థితి ఎలా ఉందని అమెరికన్ సేనాని అడిగినప్పుడు బ్రిటిష్ బ్రిగేడియర్ టామ్ బ్రోడీ "కొంచెం చిక్కుగానే ఉందండి" అన్న అర్థంలో జవాబిచ్చారని, ఆ మాటను బట్టి, కష్టమే గాని నిలదొక్కుకోగలరని అమెరికన్ సేనాని భావించారని చెబుతారు. బ్రిటిష్ సైనికుడి నోట ఆ మాట వస్తే చావు ముంగిట ఉన్నామని అర్థం. ఆ దళంలో ఐదు వందల మందికి పైగా బందీలయ్యారు. అంతకు ముందు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో, ఇరుదేశాల సేనాధిపతులు కూర్చున్న సమావేశంలో "టేబుల్" అన్న ఒక్క మాట మీద పెద్ద వాగ్వాదం జరిగిందని చర్చిల్ స్వయంగా రాశారు. ఒక పత్రాన్ని "టేబుల్ చేయడం" అంటే బ్రిటిష్ వారికి వెంటనే చర్చకు పెట్టడం, అమెరికన్లకు పక్కన పడేయడం. ఇరుపక్షాలూ కోరుకున్నది ఒక్కటేనని తెలిసేసరికి చాలాసేపు పట్టిందట. "క్వైట్ గుడ్" అన్న మాట కూడా ఇంతే. అమెరికన్ నోట వస్తే చాలా బాగుందని అర్థం, ఇంగ్లీషువాడి నోట వస్తే ఏదో ఫరవాలేదని అర్థం. రెడింగ్ నుంచి అలా రాసి వచ్చిన మెచ్చుకోలును మా హార్ట్‌ఫర్డ్ కుర్రవాడు ఒకడు ఎంతో సంబరంగా అందరికీ చూపించుకున్నాడు. దాని అసలు అర్థం వాడికి చెప్పడానికి నాకు మనసు రాలేదు.

రెండు దేశాల మధ్య నిజమైన పగ ఎన్నడూ లేదని నేను అనడం లేదు. 1814లో బ్రిటిష్ సేనలు వాషింగ్టన్‌లోని అధ్యక్ష భవనాన్ని తగలబెట్టాయి. 1849లో న్యూయార్క్‌లో, ఇంగ్లాండు నటుడు మాక్రెడీ గొప్పవాడా, అమెరికా నటుడు ఫారెస్ట్ గొప్పవాడా అన్న పంతం ఆస్టర్ ప్లేస్ నాటకశాల ముందు అల్లర్లకు దారితీసి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు మిగిలింది మాత్రం ఎకసెక్కాలే, వాటిలో సగానికి ఆధారం లేదు. ఇంగ్లీషువారి పళ్లు పాడైపోయి ఉంటాయని అమెరికన్లు నవ్వుతారు. 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఇరుదేశాల లెక్కలూ పోల్చి ప్రచురించినప్పుడు, ఊడిపోయిన పళ్ల సగటు అమెరికాలోనే కాస్త ఎక్కువగా తేలింది. ఫుట్‌బాల్‌ను "సాకర్" అంటారని బ్రిటిష్ వారు అమెరికన్లను ఎగతాళి చేస్తారు. ఆ మాట పుట్టింది ఇంగ్లాండులోనే, "అసోసియేషన్" అన్న మాటను కుదించి అక్కడి విద్యార్థులే దాన్ని వాడుకలోకి తెచ్చారు.

టీ సంగతి మరీ అన్యాయం. అమెరికన్లు మైక్రోవేవ్‌లో నీళ్లు కాచి టీ పెడతారని, నాగరికత తెలియని మనుషులని ఇంగ్లాండులో అనని ఇల్లు లేదు. 2024 జనవరిలో ఒక అమెరికన్ రసాయన శాస్త్రవేత్త టీలో చిటికెడు ఉప్పు వేయమన్నందుకు పెద్ద దుమారమే లేచింది. అప్పుడు లండన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం, తాము మాత్రం పద్ధతి ప్రకారం మైక్రోవేవ్‌లోనే టీ కాచుకుంటామని ప్రకటన ఇచ్చి నవ్వించింది. అసలు కారణం గోడలో ఉంది. ఇంగ్లాండు ఇళ్లలో మన దగ్గర లాగే 230 వోల్టుల కరెంటు వస్తుంది, అక్కడి కెటిల్ 3000 వాట్లు లాగుతుంది. అమెరికా ఇళ్లలో మామూలు ప్లగ్గుకు వచ్చేది 120 వోల్టులే, అక్కడి కెటిల్ 1500 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. రెడింగ్ నుంచి తెచ్చుకున్న అలవాటుకొద్దీ హార్ట్‌ఫర్డ్ వంటింట్లో కెటిల్ పెట్టి పక్కనే నిలబడి, పట్టిన సమయం సుమారు రెట్టింపైందని నేను గడియారం పెట్టి చూశాను. అలాంటప్పుడు ఒక కప్పు నీళ్లకు మైక్రోవేవ్ ఆన్ చేసినవాడిని నాగరికత లేనివాడనడం ఏ న్యాయం?

అమెరికన్ల నవ్వు అద్దె నవ్వు అన్న మాట కూడా నాకు మంట పుట్టిస్తుంది. హోటల్లో వడ్డించే అమ్మాయి నవ్వును చూపించి ఆ మాట అంటారు. టిప్పులు వచ్చే ఉద్యోగాలకు అక్కడి ఫెడరల్ చట్టం పెట్టిన కనీస నగదు వేతనం గంటకు 2.13 డాలర్లు, 1991 నుంచి అది మారలేదు. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఇస్తాయి, టిప్పులు చాలకపోతే మిగతాది యజమాని కలపాలన్న నిబంధనా ఉంది. అయినా ఆ అమ్మాయి నవ్వు ఆమె బతుకుతెరువులో భాగం, దాన్ని జాతి గుణంగా లెక్కకట్టకూడదు. మా నాన్నగారు పోయిన కబురు హార్ట్‌ఫర్డ్‌లో అర్ధరాత్రి వచ్చినప్పుడు, అప్పటికి పేరు తప్ప మరేమీ తెలియని పొరుగింటావిడ కోటు కూడా వేసుకోకుండా మంచులో పరుగెత్తుకొచ్చి, మేము తిరిగి వచ్చేదాకా పదకొండు రోజులు మా పిల్లలను తన దగ్గర ఉంచుకుంది. అది అద్దె నవ్వు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆవిడ ఎప్పుడూ ఎదురుపడగానే "ఎంత అందమైన రోజో" అనేది. ఇంగ్లాండులో ఉండగా విని ఉంటే, ఈ మనిషి అతి చేస్తోందని నేనే అనుకునేవాడిని.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది మనవాళ్ల తీరు. లండన్‌లో స్థిరపడిన తెలుగువారు, అమెరికా తెలుగువారిని ఆర్భాటం మనుషులని అంటారు. న్యూజెర్సీలో ఉన్నవారు లండన్ వారిని గుంభనం మనుషులు, చేయి విదిలించరు అంటారు. ఒకే జిల్లా నుంచి, కొన్నిసార్లు ఒకే ఇంటి నుంచి వెళ్లిన అన్నదమ్ములు పదేళ్లలో ఈ మాటలు నేర్చుకుని, సంక్రాంతికి ఊరికి వచ్చి ఒకరి మీద ఒకరు ప్రయోగించుకోవడం నేను మా ఇంట్లోనే చూశాను. ఇక ఏ దేశంలోనైనా రెండు నెలలు ఉండి వచ్చి, ఆ దేశస్థులందరి స్వభావాన్నీ పది నిమిషాల వీడియోలో తేల్చేసేవారు, ఇంగ్లాండులోనే యార్క్‌షైర్ మనిషి ముఖం మీదే మాట్లాడతాడని గాని, అమెరికాలోనే మిన్నెసోటా మనిషి మాటను ఇంగ్లీషువాడికంటే మెత్తగా చుట్టి చెబుతాడని గాని ఎప్పుడు తెలుసుకుంటారు?

మూడు వారాల శ్రమ ముగిశాక నేను మా మేనేజర్ దగ్గరకు వెళ్లి, గురువారం నాటి మాటకు అసలు అర్థం ఏమిటో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పెద్దాయనకు కూడా ఫోన్ చేసి, మేనేజర్ "అద్భుతం" అన్నంత మాత్రాన ఇక్కడ పని ఆపుతారని అర్థం కాదని చెప్పాను. ఇకమీదట తేదీల్లో నెలను అక్షరాల్లోనే రాయాలన్న నియమం అప్పుడే పెట్టుకున్నాం. ఆ ఏడాది చివర రెండో విడత మైగ్రేషన్‌కు ముందు జరిగిన కాల్‌లో పెద్దాయన మళ్లీ గొంతు సవరించుకుని, "నాకు ఒక చిన్న..." అని మొదలుపెట్టారు. మా మేనేజర్ మధ్యలో అందుకుని, కోపం లేకుండా, "ఆపమంటారా, సాగించమంటారా? రెండు మాటల్లో ఒకటి చెప్పండి" అని అడిగారు. లైన్‌లో నిశ్శబ్దం. అటువైపు కుర్చీ కదిలిన చప్పుడు వినబడింది.

"ఆపండి" అన్నారు పెద్దాయన. ఒక్క క్షణం ఆగి, "క్షమించాలి" అని కూడా అన్నారు. ఆ వారం పని ఆపేశాం.